ఆటులో ఆగిన పడవ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

బకింగ్‌హాం కాలువలో, దాన్ని కలిసే ఏర్లలో పడవ ప్రయాణం గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలను ఈ నెల ఇక్కడ వేస్తున్నాం. ఊళ్ళు వేరైనా అందరిదీ ఒకటే ఇబ్బంది: పొద్దున చూసిన కాలువ సాయంత్రానికి అలా లేదు. జవాబులు కొంచెం వివరంగానే ఇచ్చాం.

ప్రశ్న: మేం ఎనిమిది మందిమి ఫైబర్ పడవ మాట్లాడుకొని కాలువలో ఆరు కిలోమీటర్లు పొయ్యాం. పోయేటప్పుడు గెడ అందనంత నీళ్ళుండాయి. మధ్యాహ్నం తిరిగొస్తుంటే అదే చోట పడవ బురదలో కూర్చుండిపోయింది. రివర్సు కొట్టి కొట్టి ఇంజను వేడెక్కింది గానీ పడవ జరగలేదు. చీకటి పడ్డాక గానీ కదల్లేదు. ముందే ఎట్టా తెలుసుకోవాలి? ఇరుక్కుంటే ఏం చెయ్యాలి?
— కావలి పాఠకుడు

జవాబు: మీ పడవను ఆపింది ఆటు. బకింగ్‌హాం కాలువ మన వైపు చాలా మేర ఉప్పునీటి కాలువ. ఏరు సముద్రంలో కలిసే మొగ గుండా పోటుకు వచ్చిన నీరే కాలువలోకి ఎక్కుతుంది, ఆటుకు అదే వెనక్కి పోతుంది. ఒక నిండు పోటు నుంచి మరో నిండు పోటుకు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందువల్ల పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. వారం తిరిగేసరికి ఆ ఆలస్యం ఆరు గంటలకు దగ్గర పడుతుంది. అంటే పోయిన ఆదివారం పది గంటలకు గెడ అందని చోట, ఈ ఆదివారం అదే పది గంటలకు బురద తేలి కనబడవచ్చు. పోయిన వారం వెళ్ళొచ్చినవాళ్ళ మాట నమ్మి బయల్దేరినవాళ్ళే ఎక్కువగా ఇరుక్కుంటున్నారు.

ఎంత దిగుతుందన్నది తిథిని బట్టి ఉంటుంది. మన తీరంలో అమావాస్య, పున్నమి దాటిన ఒకటి రెండు రోజుల్లో పోటుకూ ఆటుకూ మధ్య తేడా మీటరు దాకా ఉంటుంది. అష్టమి ప్రాంతంలో అర మీటరు కూడా ఉండదు. పంచాంగం చూసే ఇల్లయితే సగం పని అయినట్టే.

ఆ దిగడం కూడా ఒకే తీరున ఉండదు. తేడా 90 సెంటీమీటర్లు అనుకోండి. మొదటి గంటలో దిగేది 7.5 సెంటీమీటర్లే. రెండో గంటలో 15 దిగుతుంది. మూడు, నాలుగు గంటల్లో గంటకు 22.5 చొప్పున జారిపోతుంది. ఐదో గంటలో మళ్ళీ 15, ఆరో గంటలో 7.5. మొదటి గంట చూసి ‘పెద్దగా దిగలేదులే’ అని ఇంకా ముందుకు పోతారు. మోసపోయేది అక్కడే.

వేళలకు హైదరాబాదులోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) ఇచ్చే ఆటుపోట్ల పట్టిక చూడండి. అయితే అది సముద్రపు ఒడ్డున ఉన్న రేవుకు కట్టిన లెక్క. మొగ నుంచి లోపలికి పోయేకొద్దీ పోటు ఆలస్యంగా వస్తుంది, ఎత్తు కూడా తగ్గుతుంది. మొగ ఇసుక మేట వేసి సన్నబడితే ఇంకా తగ్గుతుంది. కాబట్టి పడవెక్కే చోటే ఒక సన్నటి కర్ర నీటి అంచున గుచ్చి, నీరు తాకిన చోట దారం కట్టి పావుగంట ఆగండి. నీరు దారాన్ని ముంచితే పోటు, దారం కిందికి జారితే ఆటు. ఈ పావుగంట ఆగలేనంత తొందరగా ఉంటే ఆ రోజుకు ప్రయాణం మానుకోండి.

లోతు తెలియని చోటికి పోటు ఎక్కుతున్నప్పుడే పోవాలి. అప్పుడు ఇరుక్కున్నా కాసేపటికి నీరే పడవను లేపుతుంది. నిండు పోటు తర్వాత మూడో గంట చివర ఇరుక్కుంటే మాత్రం, నీరు పూర్తిగా దిగి మళ్ళీ ఆ మట్టానికి రావడానికి ఆరు గంటల పైనే పడుతుంది. మీకు చీకటి పడింది అందుకే.

ఇరుక్కున్న క్షణం ఇంజను ఆపండి. రివర్సులో గట్టిగా తిప్పితే ఇంజను కింద నీళ్ళలో తిరిగే ఫ్యాను బురదను ఎత్తి పడవ అడుగుకే తోస్తుంది, ఆ బురదే ఇంజను చల్లబడే నీళ్ళ దారిలోకి పోయి దాన్ని మూసేస్తుంది. మీ ఇంజను వేడెక్కింది దానివల్లే. ఇంజనును నీళ్ళలోంచి పైకి లేపి, గెడతో పడవ చుట్టూ ఎనిమిది చోట్ల లోతు చూడండి. సాధారణంగా మీరు వచ్చిన వైపే లోతు ఉంటుంది. పడవ ముందు భాగం తగిలితే అందరూ వెనక్కి, వెనక భాగం తగిలితే అందరూ ముందుకు నిదానంగా జరిగి కూర్చోవాలి. ఫైబర్ పడవ అడుగు నున్నగా ఉంటుంది కాబట్టి బురద దాన్ని పీల్చి పట్టుకుంటుంది. ఇద్దరు మనుషులు అటొకరు ఇటొకరు కూర్చుని ఒకే తాళంగా పక్కలకు ఊపితే ఆ పట్టు వదులుతుంది. ఊపుతూనే మిగతావాళ్ళు గెడలతో వెనక్కి తోయాలి. అప్పటికీ కదలకపోతే లంగరును లోతున్న వైపు వీలైనంత దూరం విసిరి, అది పట్టుకున్నాక మోకు లాగండి. ఆరుగురు కలిసి లాగే మోకు చేసే పని చిన్న ఇంజను చెయ్యలేదు.

ఇదంతా పది నిమిషాల్లో అవ్వాలి. ఆటు మధ్యలో పది నిమిషాలకు నాలుగు సెంటీమీటర్ల దాకా దిగుతుంది. ఆ తర్వాత పెనుగులాట దండగ. లంగరు వేసి, నీడ కట్టుకుని, తాగే నీళ్ళు లెక్కబెట్టుకుని, ఒడ్డున ఉన్న మనిషికి ఫోను చేసి, పోటు కోసం కూర్చోవాలి. ‘దిగి తోద్దాం’ అని మాత్రం అనవద్దు. ఆ బురద తొడల దాకా లాగుతుంది. అందులో ఆలుచిప్పలు కత్తుల్లా ఉంటాయి. ఎవరైనా దిగి కూరుకుపోతే కాళ్ళు పైకి గుంజకూడదు. వెల్లకిలా వాలి, చేతులు చాపి బరువు పరచాలి. పడవలోని చెక్కపలక అందించి, దాని మీద పడుకోబెట్టి ఒక్కో కాలూ మెల్లగా తీయించాలి.

పున్నమి నిండు పోటులో గట్టు పక్క మెరక మీదికి పడవను ఎక్కించి వదలవద్దు. తర్వాతి రోజుల పోట్లు అంత ఎత్తు రావు. పడవ అమావాస్య దాకా, అంటే పదిహేను రోజులు, అక్కడే ఎండుతుంది.

ప్రశ్న: కొత్తపట్నం వైపు పోతుంటే ఇంజను ఒక్కసారి గట్టిగా మూలిగి ఆగిపోయింది. ఫ్యానుకు వల చుట్టుకుని ఉంది. కోసి తీసేశాం, బాగానే నడిచింది. కొన్నాళ్ళకు గేరు పాడయిందని మెకానిక్కు అన్నాడు. వలకూ గేరుకూ ఏం సంబంధం?
— ఒంగోలు పాఠకుడు

జవాబు: సంబంధం ఉంది. మీరు తీసింది పైకి కనబడిన వల. నైలాను పోగు ఒకటి ఫ్యాను వెనక ఇరుసు మీదికి జారి ఉంటుంది. ఇరుసు తిరిగినప్పుడల్లా అది బిగుసుకుంటూ అక్కడున్న రబ్బరు ఆయిల్ సీలును కోస్తుంది. సీలు తెగితే గేరు పెట్టెలోని ఆయిలు బయటికి, ఉప్పునీళ్ళు లోపలికి పోతాయి. ఇక పళ్ళు అరగడం, బేరింగులు తుప్పు పట్టడం రోజుల మీద పని.

వల చుట్టుకున్నప్పుడు చెయ్యాల్సింది ఇది. ఇంజను ఆపి, తాళం తీసి, స్పార్కు ప్లగ్గు టోపీ కూడా ఊడదీయండి. ఫ్యానును చేత్తో తిప్పేటప్పుడు ఇంజను అంటుకుంటే వేళ్ళు పోతాయి. ఈ ఒక్క పని ఎవరూ వదలవద్దు. కొట్టుకుపోకుండా లంగరు వేశాక, ఇంజను పైకి లేపి, ఫ్యాను ముందుకు తిరిగే దిక్కుకు ఎదురుగా చేత్తో తిప్పితే సగం వల దానంతటదే విప్పుకుంటుంది. మిగిలింది ఇరుసు పొడవునా కోయాలి, అడ్డంగా కోస్తే కత్తి సీలుకు తగులుతుంది. రంపపు పళ్ళున్న వంటింటి కత్తి నున్నటి కత్తి కంటే బాగా పనిచేస్తుంది.

ఒడ్డుకు చేరాక ఫ్యాను ఊడదీసి చూడటం తప్పనిసరి. కాటర్ పిన్ను వంపు సరిచేసి లాగి, నట్టు విప్పి, వాషరు తీస్తే ఫ్యాను వెనక్కి జారి వస్తుంది. వెనక ఉండే వాషరు ఏ ముఖం ఎటు ఉందో ఫోనులో ఫోటో తీసుకోండి. సీలు దగ్గర వెంట్రుకంత పోగు కూడా మిగలకూడదు. కాటర్ పిన్ను ప్రతిసారీ కొత్తది వేయాలి. తర్వాత గేరు పెట్టె అడుగు మర కొంచెం వదులు చేసి రెండు చుక్కల ఆయిలు వేలి మీద పట్టండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు దిగినట్టే, సీలు మార్చేదాకా నడపకూడదు. అయిదు గుర్రాల శక్తి (హార్స్‌పవర్) లోపు చిన్న ఇంజన్లు చాలావాటిలో ఫ్యానుకు ఒక మెత్తటి పిన్ను ఉంటుంది. దెబ్బ తగిలితే గేరు బదులు అది తెగుతుంది. ఇంజను తిరుగుతున్నా పడవ కదలకపోతే ముందు దాన్ని చూడండి. అది రెండు మూడు రూపాయల మేకుతో సర్దుకునే వస్తువు కాదు. అదే కంపెనీ పిన్నులు రెండు పడవలో ఉండాలి.

వల తగలకుండా పోవాలంటే ముందు కూర్చున్న మనిషి నీటి మీద వరుసగా తేలే బెండ్ల కోసం, రెండు గట్ల దగ్గర పాతిన కర్రల కోసం చూడాలి. కర్రలు కనబడితే ఇంజను న్యూట్రలులో పెట్టి, పైకి లేపి, గెడ మీద దాటండి. రొయ్యల చెరువులకు నీళ్ళు తోడే పైపులు కూడా గట్టు నుంచి కాలువలోకి చాచి ఉంటాయి. పోటుకు అవి మునిగి కనబడవు కాబట్టి మోటారు షెడ్డు కనబడిన చోటల్లా ఆ గట్టుకు దూరంగా, నడి కాలువలో పోవాలి. మీ ఫ్యానుకు చుట్టుకునే వల ఒక కుటుంబానికి కూడు పెట్టేది. కోయాల్సి వస్తే ఫ్యానుకు చుట్టుకున్నంత మేరే కోసి, ఆ పల్లెకు వెళ్ళి చెప్పి, నష్టం కట్టివ్వండి.

ప్రశ్న: సంక్రాంతి సెలవులకు పిల్లలనూ మా అత్తగారినీ పులికాట్ సరస్సుకు తీసుకువెళ్దామనుకుంటున్నాం. మధ్యాహ్నం భోజనం చేసి పడవెక్కితే సాయంత్రం పక్షులను చూసి రావచ్చా?
— గూడూరు పాఠకురాలు

జవాబు: పొద్దునే వెళ్ళండమ్మా. తడ దగ్గరి భీములవారిపాలెం రేవు నుంచి అయితే తెల్లవారగానే ఎక్కి, పదకొండు లోపు ఒడ్డుకు చేరేలా చూసుకోండి. సరస్సు చాలా చోట్ల మీటరు లోతే. లోతు తక్కువ కదా, భయం లేదనుకుంటారు. లోతు తక్కువైన నీటిలోనే గాలికి అలలు పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేచిందంటే అంచు తక్కువ పడవలోకి నీళ్ళు చిమ్ముతాయి. గాలి వచ్చే వైపు గట్టు చాటున నీరు నెమ్మదిగా ఉంటుంది గానీ, తూర్పు గాలికి ఆ చాటు శ్రీహరికోట దిక్కున ఉంది. అక్కడ అనుమతి లేకుండా దిగకూడదు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజుల్లో ఆ చుట్టుపక్కల నీళ్ళలోకి పడవలు వదలరు కాబట్టి, తేదీ ఖాయం చేసుకునే ముందు ఆ సంగతీ విచారించండి.

గాలి మధ్యలో లేస్తే వేగం తగ్గించి, పడవ ముక్కును అలకు కొంచెం ఏటవాలుగా పట్టాలి. అందరూ బల్లల మీద నుంచి దిగి పడవ అడుగున, నడిమధ్యన కూర్చోవాలి. పిల్లలకు పక్షులను చూపించడానికి అందరూ ఒక పక్కకు లేవడమే పడవలు తిరగబడటానికి పెద్ద కారణం. లైఫ్ జాకెట్టు పిల్లవాడి బరువుకు సరిపోయేది కావాలి. తొడిగి బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. గడ్డం దాటి చెవుల దాకా లేస్తే అది పెద్దది, నీళ్ళలో పిల్లవాడు అందులోంచి కిందికి జారిపోతాడు. పడవవాళ్ళ దగ్గర చిన్నవి లేకపోతే ముందే కొనుక్కుని వెళ్ళండి. అత్తగారికి మోకాళ్ళ నొప్పులుంటే రేవులో పడవ నిండు పోటులో కంటే కిందికి ఉన్నప్పుడు ఎక్కడం కష్టం, ఒక చిన్న పీట తీసుకెళ్ళండి.

ప్రశ్న: ఎండ కాస్తోంది, చుట్టుపక్కల చినుకు లేదు. అయినా ఏరు దాటే చోట నీళ్ళు ఎర్రగా మారి పడవను సముద్రం వైపు లాగేశాయి. ఎలా దాటాలి?
— సింగరాయకొండ పాఠకుడు

జవాబు: మీ ఊళ్ళో వాన లేకపోయినా పడమట పడింది. గుండ్లకమ్మకు నల్లమలలో, పెన్నకు ఇంకా ఎగువన పడిన వాన ఎండ కాసే రోజున మన దగ్గరికి చేరుతుంది. జలాశయం గేట్లు ఎత్తినా అంతే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏరు దాటే ప్రయాణానికి ముందు పైన గేట్లు ఎత్తారేమో కనుక్కోవాలి.

నీరు ఎర్రబారడం, నురగ, గడ్డిగాదం, పచ్చికొమ్మలు కొట్టుకురావడం మొదటి గుర్తులు. వీటికంటే నమ్మదగింది మరొకటి ఉంది. ఆటు వేళ అయినా, మొదటి జవాబులో చెప్పినట్టు దారం కట్టి గుచ్చిన కర్ర దగ్గర నీరు దిగకపోతే పైనుంచి వరద వస్తున్నట్టు. ఈ గుర్తుల్లో ఒక్కటి కనబడినా ఏటి మధ్యలోకి పోవద్దు, వెనక్కి తిరగండి.

మామూలు రోజుల్లో అయినా ఆటులో ఏరు దాటడం మంచిది కాదు. ఏటి వాలూ ఆటూ కలిసి మొగ వైపు లాగుతాయి. మధ్యలో ఇంజను ఆగితే పడవ పోయేది సముద్రంలోకి. పోటు నిండి నీరు నిలబడిన ఆ కాసేపట్లో దాటాలి. ముక్కును చేరాల్సిన గట్టుకు నేరుగా పెట్టకుండా ఎగువకు కొంచెం తిప్పి పట్టండి. ఎదుటి గట్టు మీద చెట్టు ఒకటి, దాని వెనక మరో గుర్తు ఒకటి వరుసలో పెట్టుకుని చూడండి. ఆ రెండూ ఒకే వరుసలో ఉన్నంతసేపు పడవ తిన్నగా పోతున్నట్టు. విడిపోతే కొట్టుకుపోతున్నట్టు, ముక్కును ఇంకా ఎగువకు తిప్పాలి.

ఏటిలో అడుగు పెట్టకముందే లంగరు మోకు చిక్కు లేకుండా చుట్టి ముందు భాగంలో సిద్ధంగా ఉండాలి. మోకు పొడవు నీటి లోతుకు కనీసం అయిదింతలు, గాలి ఉంటే ఏడింతలు. రెండు మీటర్ల నీటికి పది నుంచి పద్నాలుగు మీటర్లు. పొట్టి మోకుతో వేసిన లంగరు ఇసుకలో గుచ్చుకోదు, పడవ వెంట దొర్లుతూ వస్తుంది. లంగరును ఎప్పుడూ పడవ ముక్కుకే కట్టాలి. వెనక కడితే ఉరవడి నీళ్ళు వెనక అంచు మీదుగా లోపలికి ఎక్కుతాయి.

కృష్ణపట్నం రేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేశారంటే దూరంగా సముద్రంలో వాయుగుండం ఉన్నట్టు. అప్పటికే కాలువలో ఉంటే తిరుగు ముఖం పట్టండి. మూడో నంబరంటే రేవు దగ్గరే ఈదురు గాలులు రావచ్చని, ఆ రోజు పడవ విప్పకూడదు. ఆపదలో 112కు, మొగ దాటి సముద్రంలోకి కొట్టుకుపోతే కోస్ట్ గార్డు నంబరు 1554కు ఫోను చేయండి. ఫోను పాలిథిన్ సంచిలో ముడివేసి నడుముకు కట్టుకోవాలి. పడవ అరలో పెట్టిన ఫోను తడిసిపోతుంది.

ప్రశ్న: పెదగంజాం నుంచి చెన్నై దాకా ఇప్పటికీ పడవలో వెళ్ళవచ్చా? మా తాతల కాలంలో వెళ్ళేవారట.
— టంగుటూరు పాఠకురాలు

జవాబు: ఒకే పడవలో, ఒకే దారిగా వెళ్ళలేరు. 1806లో మద్రాసు, ఎన్నూరు మధ్య మొదలైన ఈ కాలువ తర్వాత అంచెలంచెలుగా పెదగంజాం చేరింది. అక్కడ కృష్ణా కాలువలతో కలిసింది. మొత్తం పొడవు సుమారు 420 కిలోమీటర్లు. ఉప్పు, వంటచెరుకు, ధాన్యం దీని మీదే మద్రాసుకు పోయేవి. ఏరు అడ్డం వచ్చిన చోట రెండు వైపులా లాకులు కట్టి, వరద ఇసుక కాలువలోకి రాకుండా తలుపులు మూసేవారు. గాలి లేకపోతే మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవ లాగేవారు. 1960లలో వచ్చిన తుపాన్లకు దెబ్బతిన్నాక లాకులు పాడయ్యాయి, ఏటి ఇసుక మేట వేసింది. 2004 డిసెంబరు 26 సునామీ రోజున ఈ పూడిన కాలువే అల నీటిని తనలోకి తీసుకుని వెనకున్న పల్లెలను చాలావరకు కాపాడింది. 2008లో దీన్ని నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. ఇంత మంచి దారిని ఇలా పూడ్చుకోవడం మన రెండు జిల్లాలకూ నష్టమే.

ఇప్పుడు ఏరుకూ ఏరుకూ మధ్య ముక్కలుగా తిరగవచ్చు. ఏ ముక్క ఎంత దూరం సాగుతుందో ఆ పల్లెలోని వాళ్ళను ఆ వారంలో అడిగిందే లెక్క. తూటికాడ, గుర్రపుడెక్క అల్లుకుంటే నీళ్ళున్నా దారి ఉండదు. గట్ల మీది చిల్లకంప వంగి మొహాలకు తగులుతుంది, ముందు కూర్చున్నవాళ్ళకు కళ్ళజోడు ఉండాలి. పెట్రోలును మూడు భాగాలు చేసుకోండి: ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి, మూడోది ముట్టుకోకుండా. మొదటి భాగం అయిపోయిన చోటే వెనక్కి తిరగాలి, ఎంత దూరం వచ్చారన్నది చూడకూడదు. టూ స్ట్రోకు ఇంజనుకు లీటరుకు 20 మిల్లీలీటర్ల ఆయిలు, అంటే యాభైకి ఒకటి, చాలా కంపెనీలు చెప్పే పాలు. మీ ఇంజను పుస్తకంలో వేరేగా ఉంటే అదే పాటించండి.

ప్రశ్న: పొద్దున ఒక పాత వంతెన కింద హాయిగా దాటాం. తిరిగొచ్చేటప్పుడు పడవ టాపు దూలానికి తగిలింది. బరువు తగ్గుతుందని అందరం గట్టుకు దిగాం, అయినా పట్టలేదు.
— అల్లూరు పాఠకుడు

జవాబు: దిగడం వల్లే ఇంకా పట్టలేదు. ఎనిమిది మీటర్ల పడవ నుంచి ఎనిమిది మంది దిగితే అది అయిదారు సెంటీమీటర్లు పైకి తేలుతుంది. వంతెన కింద అడుగు తగలని చోట బరువు ఉండటమే మేలు.

అడుగు తగిలే చోట పోటు మనకు మేలు చేస్తుంది, వంతెన దగ్గర కీడు చేస్తుంది. రెండూ ఒకే దారిలో ఉన్నప్పుడు ముందే లెక్క వేసుకోవాలి. ఆటు పూర్తయిన వేళ దూలానికీ నీటికీ మధ్య 2.1 మీటర్లు ఉందనుకోండి. ఆ చోట పోటు 70 సెంటీమీటర్లు ఎక్కితే నిండు పోటులో మిగిలేది 1.4 మీటర్లు. మనుషులతో సహా పడవ టాపు నీటి మీద 1.5 మీటర్లు ఉంటే తగలక తప్పదు. పోటు మొదలైన మూడు గంటలకు సగం, అంటే 35 సెంటీమీటర్లు ఎక్కుతుంది, అప్పుడు ఖాళీ 1.75. అక్కడి దాకా భయం లేదు. ఆ తర్వాత ఆగి, పోటు నిండి ఆటులో మూడు గంటలు గడిచాక దాటాలి. దూలాన్ని చేతులతో తోయడానికి ఎవరూ లేవకూడదు. పడవ కదులుతూ ఉండగా చెయ్యి టాపుకూ దూలానికీ మధ్య నలుగుతుంది.

దారిలో వంతెన ఉన్న ప్రయాణానికి టాపు కడ్డీలు మరలతో బిగించినవి కాకుండా, పిన్ను లాగితే పడుకునేవి ఉన్న పడవ మాట్లాడుకోండి. గెడ మీద అడుగు నుంచి ప్రతి పది సెంటీమీటర్లకూ ఎర్ర పెయింటు గీత పెట్టించండి. అదే గెడ కింద లోతుకూ, పైన వంతెనకూ కొలబద్దగా పనికొస్తుంది.